బామ్మర్ది చేతికి ఆ బ్యాగు ఇవ్వకండి

ప్రశ్న: అన్నగారూ, మేము ఫ్రిస్కోలో ఉంటాం. కిందటేడు గ్రీన్ కార్డు వచ్చింది. మా చుట్టుపక్కల రెండు మూడు తెలుగువాళ్ల ఇళ్లలో బంగారం దొంగతనాలు జరిగాక భయం పట్టుకుని చిన్న 9 ఎంఎం పిస్టల్ ఒకటి కొన్నాను. క్లాసుకి వెళ్లి ఎల్‌టీసీ (పిస్టల్ వెంట పెట్టుకుని తిరిగే లైసెన్స్) కూడా తెచ్చుకున్నాను. బయటికి వెళ్లినప్పుడల్లా చొక్కా కింద నడుముకి పెట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాను. వచ్చే లాంగ్ వీకెండ్‌కి ఆరు కుటుంబాలం కలిసి లూయిస్‌విల్ లేక్‌కి వెళ్తున్నాం. పాంటూన్ బోటు (చదునుగా ఉండే పెద్ద బోటు) బుక్ చేశాం. జులైలో గాల్వెస్టన్ బీచ్ ప్లాన్ ఉంది. పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. ఈత నిక్కరు మీద పిస్టల్ ఎలా పెట్టుకోవాలి? తడిస్తే పనిచేస్తుందా? నీళ్లకి పనికొచ్చే హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) ఏదైనా ఉంటే చెప్పండి. నేను నీళ్లలోకి దిగేటప్పుడు బ్యాగులో పెట్టి మా బామ్మర్దికి ఇద్దామనుకుంటున్నాను. వాడు హెచ్-1బి మీద ఉన్నాడు, చాలా నమ్మకస్తుడు. మా ఆవిడ మాత్రం "అసలు దాన్ని ఇంట్లో పెట్టి రండి" అంటోంది. ఈ విషయం మీద వారం రోజులుగా ఇద్దరి మధ్య సరిగా మాటల్లేవు.
- ఎస్., టెక్సస్

జవాబు: ఎస్. గారూ, ముందు మీ బామ్మర్ది సంగతి మాట్లాడుకుందాం. హోల్‌స్టర్లు, తడి, తుప్పు అన్నీ తర్వాత. ఇది మాత్రం ఈ రోజే తేలిపోవాలి.

ఆ బ్యాగు అతని చేతికి ఇవ్వకండి. అయిదు నిమిషాలకి కూడా వద్దు. హెచ్-1బి మీద ఉన్న మనిషి తుపాకీ గానీ, ఒక్క బుల్లెట్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. 18వ టైటిల్‌లో 922వ సెక్షన్ అది. హెచ్-1బి ఒక్కటే కాదు, హెచ్-4, ఎల్-1, చదువుకోవడానికి వచ్చిన ఎఫ్-1, చూడ్డానికి వచ్చిన బి-2, ఇలా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లందరికీ అదే నిషేధం. మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. మామూలు మనుషులకి పనికొచ్చేది ఒక్కటే: చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అది లేకపోతే టెక్సస్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా లాభం లేదు. ఫెడరల్ నేరం ఫెడరల్ నేరమే.

"వాడు కొనలేదు కదా, పట్టుకున్నాడంతే కదా" అని మీకు అనిపిస్తుంది. క్లాసులో కూడా చాలామంది ఇదే అంటారు. చట్టం కొనడం గురించి కాదు, దగ్గర ఉంచుకోవడం గురించి మాట్లాడుతోంది. బ్యాగులో ఏముందో తెలిసి, ఆ బ్యాగు అతని చేతిలోనో ఒళ్లోనో ఉంటే, ప్రాసిక్యూటర్‌కి అది చాలు. 2022లో వచ్చిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకి పెరిగింది. జైలు దాకా వెళ్లకపోవచ్చు అనుకుందాం. తుపాకీ నేరం ఒకటి రికార్డులో పడితే చాలు, దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. గ్రీన్ కార్డుకి వేసే ఐ-140 పిటిషన్ అయి, క్యూలో తన వంతు (ప్రయారిటీ డేట్) కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాడో మీకు తెలుసు. అక్క మొగుడు "కాస్త పట్టుకోరా" అంటే కాదనలేక పట్టుకుంటాడు. ఆ మొహమాటానికి అంత ఖరీదు పెట్టించకండి.

మీకూ ప్రమాదమే. అతను ఆ వీసా మీద ఉన్నాడని తెలిసి అతనికి తుపాకీ అప్పగించడం మీ మీద వేరే కేసు అవుతుంది. గ్రీన్ కార్డు వచ్చాక కూడా తుపాకీ నేరాల వల్ల దేశం వదలాల్సి రావచ్చు. సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఆ కత్తి మన నెత్తి మీద వేలాడుతూనే ఉంటుంది.

ఇంకొక మాట. వేసవి కదా, మీ అమ్మానాన్నలో అత్తమామలో విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒళ్లో బ్యాగు పెట్టి "నాన్నా, ఇది చూస్తుండు" అని నీళ్లలోకి పోవడం మనకి ఎంత సహజమో నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను. ఇంట్లో సేఫ్ నంబరు కూడా ఆ వీసాల మీద ఉన్నవాళ్లకి చెప్పకండి.

ఇక లూయిస్‌విల్ లేక్. ఇక్కడ మీ ఎల్‌టీసీ మిమ్మల్ని కాపాడదు. ఆ చెరువు, దాని ఆనకట్ట, చుట్టూ ఉన్న చాలా భూమి అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (సైన్యంలోని ఇంజనీర్ల విభాగం, పొట్టిగా కోర్) చేతిలో ఉన్నాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వెళ్లే గ్రేప్‌వైన్, లవాన్, రే రాబర్ట్స్, జో పూల్, కాస్త పైన టెక్సోమా, అన్నీ కోర్ కట్టినవే. అట్లాంటా మనవాళ్లు వెళ్లే లేక్ లేనియర్, అల్లటూనా కూడా. నార్త్ కరోలినాలో ర్యాలీ ఊరి దగ్గర జోర్డన్ లేక్, ఫాల్స్ లేక్ కూడా. కోర్ భూముల్లో, నీళ్లలో ఎలా నడుచుకోవాలో చెప్పే ఫెడరల్ నిబంధనల్లో 327.13 అని ఒకటుంది. లోడ్ చేసిన తుపాకీ, బుల్లెట్లు, విల్లంబులతో సహా ఆయుధాలు దగ్గర ఉండకూడదని అది చెబుతోంది. పోలీసులకి, అనుమతి ఉన్న చోట వేటాడేవాళ్లకి, షూటింగ్ రేంజిలకి, కోర్ జిల్లా కమాండర్ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినవాళ్లకి మాత్రమే సడలింపు. తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

చాలామంది ఇక్కడ పొరబడతారు. 2010 ఫిబ్రవరి నుంచి నేషనల్ పార్కుల్లో ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం తుపాకీ తీసుకెళ్లొచ్చు. అది విని ఫెడరల్ భూములన్నింటికీ అదే రూలు అనుకుంటారు. ఆ మార్పు కోర్ చెరువులకి రాలేదు. దీని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. ఇడాహోలో 2014లో ఒక ఫెడరల్ జడ్జి కోర్ నిబంధనని తప్పుపట్టారు. అల్లటూనా మీద నడిచిన కేసులో పై కోర్టు నిబంధనని ఆపడానికి ఒప్పుకోలేదు. అలాంటి కేసు వెయ్యాలనుకునేవాళ్లు వేసుకుంటారు. నాలుగేళ్ల పిల్లాడిని నీళ్లలో ఆడించడానికి వెళ్తున్న మీరు ఆ పోరాటంలో ఉదాహరణ కావక్కర్లేదు.

బోటు ఎక్కే చోటు సిటీ పార్కులా కనిపిస్తుంది. సిటీ బోర్డే ఉంటుంది, కోర్ పేరు చిన్న అక్షరాల్లో ఎక్కడో మూలన ఉంటుంది. బోటు అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేసి "మీ మెరీనా (బోట్లు ఆపే రేవు) కోర్ భూమి మీద ఉందా?" అని అడగండి. చెరువు ఆఫీసుకి కూడా ఒక ఫోన్ చెయ్యండి. బోటు కంపెనీకి సొంతంగా ఆయుధాల నిషేధం ఉందేమో అగ్రిమెంటులో చూడండి. పార్కింగ్‌లో కారులో పెట్టి వస్తానంటారేమో, కారు నిలబడింది కూడా ఆ భూమి మీదే. కాబట్టి లూయిస్‌విల్‌కి వెళ్లే రోజు పిస్టల్ ఫ్రిస్కోలోనే, సేఫ్‌లో ఉండాలి. మీ ఆవిడ చెప్పింది చట్టం ప్రకారం కూడా సరైన మాటే.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్నలు. కోర్‌కి సంబంధం లేని నీళ్లు కూడా ఉంటాయి కదా, స్నేహితుడి ఇంటి స్విమ్మింగ్ పూల్ అనో, ఊరి చివర సొంత చెరువు అనో, బీచ్ అనో. చట్టం ఒప్పుకునే చోట కూడా నీళ్లలోకి దిగే మనిషి ఒంటి మీద తుపాకీ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మీ పిస్టల్ నిండా లోడ్ చేస్తే అర కిలో పైనే తూగుతుంది. ఈత నిక్కరుకి ఉండేది ఒక ఎలాస్టిక్, ఒక తాడు. తడిశాక ఆ గుడ్డ ఒంటికి అతుక్కుంటుంది, బరువు కిందికి లాగుతుంది. చొక్కా తడిస్తే పిస్టల్ ఆకారం అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. నడుముకి చుట్టుకునే బెల్లీ బ్యాండ్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుని జారుతుంది. తోలు హోల్‌స్టర్ నానితే మెత్తబడి ఆకారం పోతుంది. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ నీళ్లకి తట్టుకుంటుంది, నిజమే. కానీ దాన్ని పట్టి ఉంచడానికి గట్టి బెల్టు కావాలి, ఈత నిక్కరుకి బెల్టు ఎక్కడిది? నీళ్లు చొరని డ్రై బ్యాగులో పెడితే తడవదు. పట్టీ బిగించి, మూడు మడతలు పెట్టి, బకిల్ వేసిన సంచిలోంచి అవసరమైనప్పుడు తీసేలోపు అవసరమే దాటిపోతుంది.

ఇవన్నీ కాసేపు పక్కన పెట్టండి. మీ బాబుని తలుచుకోండి. నాలుగేళ్ల పిల్లాడు నీళ్లలో తండ్రిని చెట్టులా ఎక్కుతాడు. మెడ పట్టుకుంటాడు, మోకాలు పొట్టకి గుచ్చుతాడు, అరికాలు మీ నడుం మీద ఆనించి భుజం ఎక్కి "నాన్నా దూకుతా" అంటాడు. ఆ అరికాలు ఆనేది సరిగ్గా మీరు పిస్టల్ పెట్టుకుందామనుకుంటున్న చోటే. ఇంకెవరైనా మునుగుతూ భయంతో మిమ్మల్ని పట్టుకున్నారనుకోండి, వాళ్ల చేతులు కూడా నడుముకే వస్తాయి.

తడిస్తే పనిచేస్తుందా అన్నారు. ఈ రోజుల్లో బుల్లెట్లు కొద్దిసేపు తడిసినంత మాత్రాన చెడిపోవు, చాలావరకు పేలుతాయి. అసలు ప్రమాదం పిస్టల్ గొట్టంలో మిగిలిపోయే నీళ్లతో వస్తుంది. గొట్టం నిండా నీళ్లుండగా పేలిస్తే ఆ నీళ్లు అడ్డుపడి గొట్టం ఉబ్బవచ్చు, చీలిపోవచ్చు. సన్నటి గొట్టంలో నీళ్లు వాటంతట అవి కారిపోవు, స్ట్రాకి పైన వేలు పెట్టి మూసినట్టు లోపలే నిలుస్తాయి. బుల్లెట్‌ని వెనకనుంచి కొట్టే ఫైరింగ్ పిన్ను కదిలే సన్నని దారిలో కూడా నీళ్లు చేరి దెబ్బ బలం తగ్గుతుంది. గ్లాక్ కంపెనీ నీళ్లలో పనిచేసే దళాల కోసం ఆ దారిలో నీళ్లు పక్కలకి తప్పుకునేలా ప్రత్యేకమైన స్ప్రింగ్ కప్పులు తయారుచేసింది. శిక్షణ ఉన్న సైనికుల అవసరం కోసం అంత ఏర్పాటు చేశారంటే, మామూలు పిస్టల్‌తో మామూలు మనిషి నీళ్లలోకి దిగడం ఎంత అసందర్భమో ఆలోచించండి.

ఎప్పుడైనా పొరపాటున పిస్టల్ నీళ్లలో పడితే మాత్రం ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, గొట్టం కొస నేల వైపు ఉంచి, మ్యాగజైన్ (బుల్లెట్లుండే డబ్బా) తీసేయండి. స్లైడ్ (పైన జరిగే భాగం) లాగి ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో, ఉన్న బుల్లెట్ కూడా బయటికి తీయండి. స్లైడ్ తెరిచేసరికి పైనుంచి గాలి వెళ్లి నీళ్లు కారిపోతాయి. ఉప్పునీళ్లయినా పూల్ నీళ్లయినా ఇంటికొచ్చాక భాగాలు విప్పి మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె పట్టించాలి. మ్యాగజైన్‌ని కూడా విప్పాలి, దాని స్ప్రింగ్ ముందు తుప్పు పడుతుంది. సముద్రపు ఉప్పు గంటల్లో పని మొదలుపెడుతుంది, "రేపు చూద్దాంలే" అంటే కుదరదు. పూల్‌లోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుని కూడా వదలదు. తడిసిన బుల్లెట్లని రక్షణ కోసం మళ్లీ వాడకండి, అవి పక్కన పెట్టి కొత్తవి వేసుకోండి. మనసుకి తృప్తి లేకపోతే గన్‌స్మిత్‌కి చూపించండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట న్యూ బ్రాన్‌ఫెల్స్ దగ్గర గ్వాడలూప్ నదిలో ట్యూబుల మీద తేలుతూ వెళ్లాం, నాలుగు కుటుంబాలం. నాకు అప్పుడు కొత్తగా లైసెన్స్ వచ్చింది. మీలాగే నేనూ ఎప్పుడూ దగ్గర ఉండాలని అనుకునేవాణ్ని. డ్రై పౌచ్‌లో పిస్టల్ పెట్టి నడుముకి క్లిప్ చేసుకున్నాను, ఛాంబర్‌లో బుల్లెట్ ఉంది. ఒక చిన్న వంతెన దాటాక నీళ్లు రాళ్ల మధ్య కాస్త వేగంగా పోతాయి. ట్యూబ్ తిరగబడింది. లేచి నిలబడితే నీళ్లు మోకాలి లోతే. మోకాలి చిప్ప చెక్కుకుపోయింది. నడుం తడుముకుంటే పౌచ్ లేదు.

ఆ తర్వాత నలభై నిమిషాలు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తులేదు. రాళ్ల కింద చేతులు పెట్టి వెతికాను. మా ఆవిడ పిల్లలని గట్టు ఎక్కించి నిలబెట్టింది, ఒక్క మాట అనలేదు. చివరికి రెండు మలుపుల కింద ఒక పెద్ద సైప్రస్ చెట్టు వేరు మీద పదేళ్ల పిల్లాడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా పౌచ్. బకిల్ రెండు వైపులా వేళ్లతో నొక్కి తీయడానికి చూస్తున్నాడు. నేను అరిచాను. వాడు తలెత్తి ఇది మీదేనా అని అడిగాడు. నా చేతికి ఇచ్చేలోపు ఆ బకిల్ టిక్కుమని ఊడింది. వాళ్ల నాన్న నాలుగడుగుల దూరంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆయనకి అర్థమైంది. ఏమీ అనలేదు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయాడు.

ఆ రోజు తర్వాత నేను పిస్టల్‌తో నీళ్ల దగ్గరికి వెళ్లలేదు.

మీరు గట్టున బ్యాగులో పెట్టే ఆలోచన చేశారు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది. ఒంటి మీద ఉన్న తుపాకీ కంటే గట్టున తువ్వాళ్ల కింద వదిలేసిన తుపాకీ మరీ ప్రమాదం. ఆరు కుటుంబాలంటే పదిమంది పిల్లలైనా ఉంటారు. పిల్లలు చిప్స్ కోసం, జ్యూస్ డబ్బా కోసం కనబడ్డ ప్రతి బ్యాగూ తెరుస్తారు. ఎవరి బ్యాగు ఎవరిదో మనమే పట్టించుకోం. పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా.

గాల్వెస్టన్ గురించి. వీలైతే అప్పుడు కూడా ఇంట్లోనే వదిలిరండి. నాలుగయిదు గంటల రాత్రి ప్రయాణం, దారిలో దగ్గర ఉంచుకోవాలని మీకు గట్టిగా ఉంటే మాత్రం, సీటు చట్రానికి ఉక్కు తాడుతో కట్టే చిన్న లాక్ బాక్స్ కొనండి, పెద్ద ఖరీదేమీ కాదు. గ్లవ్ బాక్స్ సేఫ్ కాదు, అద్దం పగలగొట్టినవాడు మొదట చెయ్యి పెట్టేది అందులోనే. అమెరికాలో తుపాకీ దొంగతనాలు ఎక్కువగా జరిగేది కార్లలోంచే. బీచ్ పార్కింగ్‌లో చొక్కా ఎత్తి, హోల్‌స్టర్ తీసి, డబ్బాలో పెట్టే పని చెయ్యకండి. చూసే కళ్లు చూస్తూనే ఉంటాయి. పెట్టాల్సింది బీచ్‌కి రాకముందే, ఎవరూ లేని చోట పెట్టేసి, సాయంత్రం దాకా ఆ డబ్బా ముట్టుకోకండి. ఎండకి కారు కొలిమిలా కాలుతుంది, బుల్లెట్లు పేలతాయేమోనని చాలామంది టెన్షన్ పడతారు. కారు లోపలి వేడికి పేలవు. రోజుల తరబడి ఆ వేడిలో వదిలేస్తే మాత్రం వాటి నాణ్యత తగ్గుతుంది. దిగిన హోటల్‌కీ, వెళ్దామనుకున్న వాటర్ పార్కుకీ ఆయుధాల విషయంలో సొంత నిబంధనలుంటాయి, ముందే చదవండి. గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్ ఎక్కే ఆలోచన ఉంటే అసలు తీసుకురానే వద్దు, ఓడలోకి తుపాకీ రానివ్వరు.

పాంటూన్ బోటు అన్నారు, ఆరు కుటుంబాలన్నారు. కూలర్‌లో బీర్లుంటాయి, అందులో దాపరికం ఎందుకు. తాగి మత్తులో ఉండగా పిస్టల్ పెట్టుకుని బయట తిరగడం టెక్సస్‌లో నేరం. తాగి బోటు నడపడం కారు నడిపినంత నేరం, 0.08 అక్కడా అంతే. బోటు నడిపేది ఎవరో ముందే అనుకుని, ఆ మనిషి ఆ రోజు తాగకుండా ఉండాలి.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. అది ఉత్త భయం కాదు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు, తెలుగువాళ్ల ఇళ్లని ఏరుకుని మరీ దోచిన సంఘటనలు మనందరం విన్నాం. పక్కింట్లో జరిగితే రాత్రి నిద్ర పట్టదు. మీరు పిస్టల్ కొన్నందుకు నేను తప్పుపట్టను, నా దగ్గరా ఉంది. కానీ ఆ దొంగలు వచ్చేది మీరు ఇంట్లో లేనప్పుడు, ఆఫీసుకో గుడికో పెళ్లికో లేక్‌కో వెళ్లినప్పుడు. చెరువు మధ్యలో మీ నడుముకి ఉన్న పిస్టల్ ఫ్రిస్కోలోని బీరువాని కాపాడలేదు. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టండి. పిస్టల్ సేఫ్‌ని నేలకో గోడకో బోల్టులతో బిగించండి, లేకపోతే సేఫ్‌తో సహా ఎత్తుకుపోతారు. లేక్‌లో ఉండగా ఫోటోలు పెట్టకండి, ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

క్లాసులో మీకు "ఎప్పుడూ దగ్గర ఉండాలి" అని నేర్పారు. మామూలు రోజుకి అది ఒక పద్ధతి. నీళ్ల దగ్గర మీ పిల్లలకి ఉన్న ప్రమాదం మనుషుల నుంచి కాదు, నీళ్ల నుంచి. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు మిగతా అన్ని కారణాల కంటే నీళ్లలో మునిగి ఎక్కువగా చనిపోతున్నారని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీ బాబుకి నాలుగేళ్లు. మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారని, చేతులు కొడతారని మనం అనుకుంటాం. పిల్లలు అలా మునగరు. నోరు నీటి మట్టానికి వచ్చాక అరవడానికి ఊపిరి ఉండదు. పక్కనే ముగ్గురు పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటుండగా చప్పుడు లేకుండా కిందికి పోతారు. మన పిల్లలు, చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు కూడా, ఇక్కడి చెరువుల్లో, జలపాతాల దగ్గర పోయారన్న వార్త ఎండాకాలం వస్తే చాలు వినాల్సి వస్తోంది. ఈ చెరువులు ఊళ్లో మెట్లబావుల్లాంటివి కావు. పొలాల మీద, చెట్ల మీద నీళ్లు నింపిన రిజర్వాయర్లు. అడుగు కనిపించదు. నడుం లోతు అనుకుని ఇంకో అడుగు వేస్తే నేల ఉండదు.

అందుకే మీ రెండు చేతులూ, కళ్లూ, బుర్రా ఆ రోజు పిల్లలకి కావాలి. నడుముకి పిస్టల్ ఉన్న మనిషి నిమిషానికోసారి చొక్కా సర్దుకుంటాడు, ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తాడు. బాబు నీళ్లలోకి జారితే వెంటనే దూకడు, ఒక క్షణం దాని గురించి ఆలోచిస్తాడు. ఆ క్షణం ఉండకూడదు.

ఆరు కుటుంబాలవాళ్లు బయల్దేరేముందు ఒక మాట అనుకోండి. పావుగంటకి ఒకరు చొప్పున నీళ్ల కాపలా. కాపలా ఉన్న మనిషి చేతిలో ఫోన్ ఉండదు, గ్లాసు ఉండదు, పేకముక్కలు ఉండవు. మెడలో ఏదో ఒక గుర్తు వేసుకోవాలి, మేమైతే ఎర్ర విజిల్ ఒకటి వాడతాం. దాన్ని తీసి ఇంకొకరి మెడలో వేసేదాకా బాధ్యత ఆ మనిషిదే. మీ బామ్మర్దికి ఏదైనా నమ్మి అప్పగించాలనుకుంటే ఆ విజిల్ అప్పగించండి. ఎవరైనా మునుగుతుంటే ముందు కర్రో తువ్వాలో అందించాలి, తేలే వస్తువు విసరాలి. ఈత బాగా రాని మనిషి వెంటనే దూకితే ఇద్దరూ పోతారు.

లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం మొహమాటపడకండి. 2022లో అమెరికాలో బోటు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మునిగిపోయారు, వాళ్లలో 85 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదని కోస్ట్ గార్డ్ లెక్క. టెక్సస్‌లో 26 అడుగుల కంటే చిన్న బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలకి జాకెట్ తప్పనిసరి, ఇంజిన్ ఆపి తేలుతున్నా కదులుతున్నట్టే లెక్క. లంగరు వేశాక కూడా మీరు తీయనివ్వకండి. పెద్దవాళ్లు కూడా వేసుకోండి, నాన్న వేసుకోకపోతే ఏడేళ్ల పాప వేసుకోదు.

అద్దె బోటులో ఇచ్చే జాకెట్లు పిల్లలకి సరిపోకపోవచ్చు, కాబట్టి ముందే కొనండి. బాబుకి 30 నుంచి 50 పౌండ్ల సైజు అవుతుంది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది చూడండి. పాపని మాత్రం ముందు తూచండి. 50 పౌండ్లు దాటితే పై సైజు. లోపల కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉండాలి. గాలి ఊది చేతులకి తొడిగేవి బొమ్మలు, అవి జాకెట్లు కావు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం మీ కమ్యూనిటీ పూల్ దగ్గరికి అందరూ వెళ్లండి, మీ ఆవిడ కూడా. బాబుకి జాకెట్ వేసి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది పెద్దది, మార్చండి. గడ్డం కిందే ఆగిపోయి బాబు మొత్తం గాల్లోకి లేచాడంటే సరిపోయినట్టే. తర్వాత అలాగే నీళ్లలోకి దించి, మీ చెయ్యి వాడి వీపు కింద ఉంచి, వెల్లకిలా తేలడం వాడికి అలవాటయ్యేదాకా ఓ పది నిమిషాలు అక్కడే ఉండండి.